గుటక వినిపించిన మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు కూడా లేదు. మా ఊళ్లో పొద్దుగూకితే వాగు దారిలో రావడానికి మగపిల్లలే జంకేవాళ్లు. నేను మాత్రం బీడీల గంప నెత్తిన పెట్టుకుని ఒక్కదాన్నే వచ్చేదాన్ని. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తే వద్దనను, తాయెత్తు కడితే విప్పను. కానీ వాటివల్ల ఏదో ఒరుగుతుందని ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇది విన్నాక చాలామంది నన్ను అదోలా చూస్తారు. "బాలింతవి కదా, నిద్ర లేక అట్లా అనిపించి ఉంటుంది" అంటారు జాలిగా. అననివ్వండి. మొదట్లో నేను కూడా అదే అనుకున్నాను, అనుకుని కొన్నాళ్లు హాయిగా ఉన్నాను కూడా.

మేం సూరత్‌లో ఉంటాం. సిటీ నుంచి సచిన్ అనే ఊరికి వెళ్లే దారిలో, ఉన్ అనే చోట. మా ఆయన శ్రీనివాస్ సాంచెలు నడుపుతాడు. సాంచె అంటే కరెంటు మగ్గం, మా సిరిసిల్ల దిక్కు అందరూ ఆ మాటే అంటారు. కింద కార్ఖానా, పైన వరసగా గదులు. మా గది సరిగ్గా సాంచెల నెత్తి మీద ఉంటుంది. కిరాయి తక్కువ, మా ఆయన మెట్లు దిగితే పనిలో ఉంటాడు. అందుకే తీసుకున్నాం.

ఆ చప్పుడు గురించి, వినని వాళ్లకు చెప్పడం కష్టం. పగలూ రాత్రీ ఆగదు. అలమరలో స్టీలు గిన్నెలు వాటంతటవే సన్నగా మోగుతుంటాయి. బిందెలో నీళ్ల మీద ముడతలు పోవు. కొత్తగా వచ్చిన చుట్టాలు రెండు పూటలు ఉండి, తల పట్టుకుని వెళ్లిపోతారు. మాకు మాత్రం అలవాటైపోయింది. మాట్లాడితే గట్టిగా అరుస్తాం, లేదంటే చేసైగలు చేస్తాం. గుసగుసలాడడం మా గల్లీలో ఎవరికీ రాదు. అత్తా కోడళ్లు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవాలన్నా అరిచే చెప్పుకోవాలి, అందుకే మా గల్లీలో తగాదాలు తక్కువ.

మా అత్తమ్మ చెవులు ఆ సాంచెలే తినేశాయి. పెళ్లయిన ఏడే మామయ్యతో సూరత్ వచ్చి, జీవితమంతా కండెలు చుట్టింది. కండె అంటే, సాంచెలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే దారపు ఉండ. ఇప్పుడు ఎదురుగా నిలబడి అరిస్తే సగం వింటుంది, మిగతా సగం పెదవులు చూసి తెలుసుకుంటుంది. కానీ ఆమె అరికాళ్లకు చెవులున్నాయి. నేల మీద కాలు ఆనిస్తే చాలు, కింద సాంచెలు ఎన్ని నడుస్తున్నాయో, ఎన్ని ఆగాయో చెప్తుంది. మా ఆయన సరదాకి ఎన్నోసార్లు పరీక్ష పెట్టి ఓడిపోయాడు.

నేనూ నెలలు నిండేదాకా కండెలు చుట్టాను. కాన్పుకు అమ్మగారింటికి పోవడానికి రైలు టికెట్టు కూడా తీసుకున్నాం. ఆ తేదీ రాకముందే నొప్పులొచ్చాయి. అమ్మ వద్దామంటే అక్కడ నాన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అట్లా నా కాన్పు సూరత్‌లోనే అయింది, బాలింతగా నా సేవంతా అత్తమ్మ మీద పడింది.

కొడుకు పుట్టాడు. కాస్త ముందే పుట్టాడు కాబట్టి చిన్నగా ఉన్నాడు. ఏడవడు. ఆస్పత్రిలో పక్క మంచాల పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటే వీడు మాత్రం గుప్పిట్లు మూసుకుని పడుకునేవాడు. "ఎంత బుద్ధిమంతుడో" అని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంటికి తీసుకొచ్చి సాంచెల మీది గదిలో పడుకోబెడితే ఇంకా హాయిగా నిద్రపోయాడు. మరి కడుపులో ఉన్నన్నాళ్లూ విన్న చప్పుడే కదా.

మా గల్లీలో పిల్లలందరూ అంతే. సాంచెలు నడిస్తే నిద్రపోతారు. వారానికోసారి కార్ఖానాలకు మాత్రం కరెంటు సెలవు ఉంటుంది, ఆ రోజున సాంచెలు ఆగగానే ఒక్కొక్క గదిలోంచీ ఒక్కో పిల్ల లేచి ఏడుపు మొదలుపెడుతుంది. ఆ రోజు మా గల్లీ మీదుగా పోయేవాళ్లకు ఏదో తీర్థంలో పిల్లలు తప్పిపోయారా అనిపిస్తుంది. అది మాకు పెద్ద తమాషా. మా ఆయన కూడా ఫోన్లో ఊరివాళ్లందరికీ మురిసిపోతూ చెప్పాడు, "మావోడు సాంచెల బిడ్డ, బాంబు పడ్డా లేవడు" అని.

అత్తమ్మ ఒక్కతే మురవలేదు. మాటిమాటికీ వచ్చి వాడి పాదాలు ముట్టి చూసేది. "లేపు, లేపి తాపు" అనేది. నాకు విసుగొచ్చేది. కుట్ల నొప్పి, నడుము నొప్పి, పాలు పొంగి రొమ్ములు రాళ్లలా అయ్యాయి. నాకు దొరికిందే కోడి కునుకు. పడుకున్న పిల్లాడిని లేపమని ఏ అత్తయినా చెబుతుందా? లేపినా వాడు లేవడు. రొమ్ము నోట్లో పెడితే రెండుసార్లు పెదవులు కదిపి మళ్లీ నిద్ర.

తర్వాత వాడి కళ్లలో పసుపు కనిపించింది. ఆ పసుపు ముఖానికి, ఛాతీకి దిగింది. "పసిరికలు" అంది అత్తమ్మ. కామెర్లను మా దిక్కు అట్లా అంటారు. నేను లేచేలోపే వాడిని గుడ్డలో చుట్టి, క్లినిక్‌కు పదమంది.

క్లినిక్‌లో డాక్టరమ్మ పరీక్షించి, తూకం వేసి, చాలా తగ్గాడు అంది. ఆమె హిందీలో చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కామెర్ల వల్ల బిడ్డకు మత్తు ఎక్కువ. మత్తు వల్ల పాలు తాగడు. పాలు తాగకపోతే కామెర్లు పెరుగుతాయి, దాంతో మత్తు ఇంకా పెరుగుతుంది. ఇప్పటికైతే ఇంట్లో లేపి లేపి తాపండి, రేపు పొద్దున తీసుకురండి, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇక వాడిని లైట్ల పెట్టెలో పెట్టి సూది గుచ్చి సెలైన్ ఎక్కించాల్సిందే అంది. ఆ పెట్టెలు ఉన్న పెద్దాస్పత్రిలో తల్లిని పక్కన ఉండనివ్వరని ఆటోలో మా ఆయన చెప్పాడు. వాడిని ఒళ్లో ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

అంతకుముందు క్లినిక్‌లో వయసు మళ్లిన నర్సమ్మ ఒకామె నాకు అన్నీ ఓపికగా చూపించింది. బట్టలు తీసేసి నీ ఒంటికి ఆనించుకో. తడి గుడ్డతో పాదాలు తుడువు. వీపు మీద వేలితో రాయి. అప్పటికీ లేవకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెం పోయి. చివరగా ఒక మాట చెప్పింది. "పెదవులు కదిలితే తాగినట్టు కాదు. చెవి పెట్టి విను. గుటక వినబడాలి. గుటక పడితేనే పాలు లోపలికి పోతున్నట్టు."

గుటక వినాలట. సాంచెల నెత్తి మీద కూర్చుని. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ ఆలోచించి చెప్పింది, "సప్పుడు ఆగితే లేస్తడు." నిజమే. గల్లీ పిల్లలంతా అట్లాగే లేస్తారు కదా. కానీ కరెంటు సెలవు ఇంకా చాలా దూరం ఉంది. తెలిసినవాళ్ల ఇంటికి పోదామంటే, మాకు తెలిసినవాళ్లంతా సాంచెల మీదో, సాంచెల పక్కనో ఉన్నవాళ్లే. మా ఆయనకు ఏం తోచక "డుమస్ పోదామా, సముద్రం కాడ సాంచెలుండయి" అన్నాడు. పచ్చి బాలింతను, పసిగుడ్డును సముద్రపు గాలికి తీసుకుపోతావా అని అత్తమ్మ కసిరింది.

"సేఠ్‌ను అడుగుత" అన్నాడు మా ఆయన. "జర సేపు బంద్ పెట్టుమంట. మా అంటే ఎంత సేపు?"

"అడుగకు బిడ్డా" అంది అత్తమ్మ. "ఆపరు."

ఆమె అంత నిక్కచ్చిగా ఎందుకు చెప్పిందో అప్పుడు నేను పట్టించుకోలేదు. మా ఆయన వినకుండా వెళ్లి అడిగాడు. కార్ఖానాలో పని చూసే మాస్టర్ చెడ్డవాడేం కాదు, కానీ నవ్వేశాడట. ఇవాళ నీ కొడుకంటావు, రేపు ఇంకొకడు వస్తాడు, ఇట్లా ఆపుకుంటూ పోతే బట్ట ఎవరు నేస్తారు అన్నాడట. సేఠ్ ఫోన్లో ఒక్కటే ముక్క చెప్పాడట, ఇబ్బందిగా ఉంటే వేరే గది చూసుకోమని. మా ఆయన పైకి వచ్చి అదంతా చెప్పలేదు. చేయి అడ్డంగా ఊపి మళ్లీ దిగిపోయాడు. అతని పాళీ, అంటే షిఫ్టు, ఇంకా అయిపోలేదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి.

అన్నం తిన్నాను, తిన్నానని తెలియకుండానే తిన్నాను. బయట ఎండ మండిపోతోంది. నేను గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాను. వాడి బట్టలన్నీ తీసేసి గుండెల మీద వేసుకున్నాను. పాదాలు తడి గుడ్డతో తుడిచాను. వీపు రుద్దాను. అరికాలి మీద వేలితో కొట్టాను, మొదట మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా. వాడు ముఖం చిట్లించి మళ్లీ నిద్రలోకి జారాడు. రొమ్ము అందిస్తే నోరు తెరిచాడు, పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. తాగాడో లేదో తెలియదు. వాడి గొంతు దగ్గర చెవి పెట్టాను. సాంచెలే వినిపించాయి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే పెడతాను పెడతానని బతిమాలుతుంటే అడిగేవాడు లేడు.

కొంచెం పాలు ఉగ్గుగిన్నెలోకి పిండి వాడి పెదవికి ఆనించాను. పాలు నోటి పక్క నుంచి మెడ మీదికి కారిపోయాయి. నాకు వాడి మీద కోపం వచ్చింది. పుట్టి వారం కాని బిడ్డ మీద కోపమేమిటని మీరు అనవచ్చు, కానీ వచ్చింది. ఆ కోపం కింద ఉన్నది భయమని నాకు తెలుసు. గిన్నెను నేల మీద పెట్టి ఏడ్చాను. సాంచెల చప్పుడులో నా ఏడుపు నాకే వినిపించలేదు.

అత్తమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. రెండు అరికాళ్లూ నేలకు ఆనించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికో మొక్కుకుంటోంది అనుకున్నాను.

అప్పుడు చప్పుడు ఆగింది.

ఒక్కసారిగా ఆగలేదు, మెల్లగానూ ఆగలేదు. నేను గమనించేసరికే లేదు. మొదట నా ఊపిరి నాకు వినిపించింది. పక్కింటి రేకుల మీద కాకి నడుస్తుంటే గోళ్లు గీసుకునే చప్పుడు వినిపించింది. ఎక్కడో ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. పైన ఫ్యాను తిరుగుతూ ప్రతి చుట్టుకూ ఒకసారి టిక్కుమంది. ఆ టిక్కు మాకు సెలవు రోజున తప్ప వినబడదు. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి కరెంటు పోలేదు, కింద సాంచెల లైనే పోయిందేమో అనుకున్నాను. లేదా మా ఆయన ఎట్లాగో ఒప్పించాడేమో అనుకున్నాను. రెండోదే నిజమైతే బాగుండని కూడా అనుకున్నాను.

వాడు కళ్లు తెరిచాడు.

నన్ను చూశాడని చెప్పను, అంత చిన్న పిల్లలు ఏం చూస్తారు. కానీ తెరిచాడు. నుదురు ముడిచాడు, గడ్డం వణికింది, నోరు పెద్దగా తెరిచి ఏడ్చాడు. సన్నగా మూలగడం కాదు, నిజమైన ఏడుపు. పుట్టినప్పటి నుంచి అట్లా ఏడవలేదు. నేను ఆ ఏడుపు పూర్తి కాకముందే రొమ్ము అందించాను. వాడు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు విన్నాను. గుటక. చిన్న చప్పుడు, నీళ్లలో చిన్న రాయి వేసినంత. కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత వరసగా. నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం, దాన్ని ఒకసారి వింటే ఇక పొరపాటు పడం.

పక్కనే ఫోన్ ఉంది. ఒంటి చేత్తో తీసి అమ్మకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "అమ్మా, తాగుతున్నడే. ఇను, గుటక ఇనపడుతుంది, ఇను" అని మెల్లగా, ఊపిరితో చెప్పినట్టు చెప్పాను. వాడు ఎక్కడ ఉలిక్కిపడి వదిలేస్తాడో అని. తర్వాత ఫోన్‌ను వాడి చెంప దగ్గర పెట్టి పట్టుకున్నాను.

అప్పుడే ఇంకొకటి చూశాను. చూశాను గానీ ఆ క్షణాన దాని గురించి ఆలోచించలేదు. నేల మీద పెట్టిన ఉగ్గుగిన్నెలో పాలు వణుకుతున్నాయి. సన్నటి వలయాలు, ఒకదాని వెనక ఒకటి, ఎప్పటిలాగే.

వాడు ఒక పక్క తాగి, నేను మార్చితే రెండో పక్క కూడా తాగాడు. ఎంతసేపో నాకు తెలియదు. చివరికి తనంతట తానే వదిలాడు, గడ్డం మీద పాల చుక్క మిగిలింది. చేతులు వదులుగా తెరుచుకున్నాయి. అన్నాళ్లుగా మూసి ఉన్న గుప్పిట్లు అవి.

చప్పుడు మళ్లీ వచ్చింది. ఎవరో తలుపు తీసినట్టు మొత్తం ఒకేసారి గదిలోకి వచ్చింది. అత్తమ్మ కళ్లు తెరిచి నా వైపు చూసింది. తాగాడని చేత్తో సైగ చేశాను. ఆమె దగ్గరికి వచ్చి వాడి నోరు చూసింది, పొట్ట మీద చేయి పెట్టి చూసింది. కాసేపటికి వాడు నా చీర పూర్తిగా తడిపేశాడు. ఆ తడి చీర నేను వెంటనే మార్చుకోలేదు. అంత అలసటలో నాకు దొరికిన సంతోషం అదే మరి.

ఆ తర్వాత వాడు ఎందుకో లేవడం నేర్చుకున్నాడు. సాంచెలు నడుస్తున్నా పూట తప్పకుండా లేచి ఏడ్చాడు. పొద్దున క్లినిక్‌కు తీసుకువెళ్తే డాక్టరమ్మ ఈసారికి పెట్టె అక్కర్లేదు, ఇట్లాగే తాపమని పంపేసింది. కథ అక్కడితో అయిపోతే ఇది చెప్పుకునేంత విషయం కాదు.

మా ఆయన ఆ సాయంత్రం పాళీ దిగి పైకి వచ్చినప్పుడు నేను నవ్వుతూ అన్నాను, "ఎట్లయితేం ఆపించినవ్."

"ఏంది ఆపించింది?"

"సాంచెలు. మధ్యాహ్నం."

"ఇయ్యాల ఒక్కటి గూడ ఆగలే. నా సాంచెల ఒక్క పోగు తెగలే. నువ్వు జర పండుకో" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నేనేం కల కన్నానా అని గొడవ పెట్టుకున్నాను. ఎదురు గది సుజాతను పిలిచి అడిగాను. ఆమె మధ్యాహ్నమంతా వాకిట్లో కూర్చుని కండెలు చుట్టింది. ఆగలేదు వదినా, ఆగితే మా బుడ్డది లేచేది కదా అంది. అదీ నిజమే. ఆ రోజు గల్లీలో ఏ పిల్లా లేవలేదు.

అత్తమ్మను అడిగాను. ఆమె చెవులు వినవు, కానీ కాళ్లు అబద్ధం చెప్పవు. చేత్తో నేలను చూపించి, అరచేయి ఆడించింది. నేల అదురుతూనే ఉంది అని. అప్పుడు నాకు ఉగ్గుగిన్నెలో పాలు గుర్తొచ్చాయి.

ఆ మాట మీద ఉండగానే అమ్మ ఫోన్ చేసింది. "ఏం పంపినవ్ బిడ్డా? సాంచెల సప్పుడు తప్ప ఏం ఇనపడలే. గట్టిగ మాట్లాడకపోతివి" అంది. ఫోన్ పెట్టేసి ఆ మెసేజ్ నేను పెట్టి విన్నాను. మొదటి నుంచి చివరి దాకా సాంచెల హోరు. చెవికి ఆనించి వింటే దాని అడుగున నా గొంతు ఉంది, ఊపిరితో చెబుతూ. మళ్లీ మొదటి నుంచి పెట్టి విన్నాను. సాంచెల మీది గదిలో ఉండి గుసగుసగా మాట్లాడేవాళ్లు ఎవరు? ఆ చప్పుడు నాకు వినబడి ఉంటే నేను అరిచేదాన్ని, ఎప్పుడూ అరిచినట్టే.

ఆ మెసేజ్ ఇంకా నా దగ్గర ఉంది. ఫోన్ మారినా దాన్ని మార్చుకుంటూ వచ్చాను. మా ఆయన ఒక్కసారే విన్నాడు, మళ్లీ పెట్టొద్దన్నాడు.

టీకాకు వెళ్లినప్పుడు నర్సమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. బాగా అలిసిపోతే చెవులు ఒక్కోసారి మూసుకుపోయినట్టు అవుతాయి, భయపడకు అంది. నాకు ఆ మాట నచ్చింది. నచ్చి, దాన్నే పట్టుకుని ఉన్నాను. కానీ పని చేసుకుంటూ ఆలోచిస్తే అది నిలవలేదు. చెవులు మూసుకుపోతే ఫ్యాను టిక్కు ఎట్లా వినబడింది? కాకి కాళ్లు ఎట్లా వినబడ్డాయి? గుటక ఎట్లా వినబడింది? సరే, నా చెవులే ఏదో చేశాయనుకుందాం. మరి వాడు? చప్పుడు ఆగితే తప్ప లేవని పిల్లాడు, ఆగని చప్పుడులో ఎందుకు లేచాడు? నాకు వినిపించిన నిశ్శబ్దమే వాడికీ వినిపించి ఉండాలి. ఇంకో దారి నాకు తోచలేదు.

అత్తమ్మకు మాత్రం అప్పటిదాకా అంతా విడమరిచి చెప్పలేదు. చెప్పాలంటే అరవాలి, అరిస్తే గల్లీ అంతా వింటుంది. ఒక పగటి పూట ఆమె పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాడిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. అప్పటికి వాడు కాస్త బొద్దుగా అయ్యాడు. నేను వేడి నీళ్లలో చన్నీళ్లు తొరిపి తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. సగం సైగలతో, సగం పెదవులతో మొత్తం చెప్పాను. ఆగిందని చెప్పాను, వీళ్లంతా ఆగలేదంటున్నారని చెప్పాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. నూనె రాయడం ఆపలేదు.

"శీనుకు ముందు ఒకడు పుట్టిండు" అంది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడుతుంది, తన గొంతు తనకు వినబడదు కాబట్టి. ఆ రోజు ఆ మాటలు మెల్లగా వచ్చాయి, నేనే ఆమె పెదవులు చూడాల్సి వచ్చింది. "గిట్లనే సాంచెల మీద రూము. గిట్లనే పండుకుంటుండె. ఏడ్వని పిలగాడు అని అందరు మెచ్చుకున్నరు. నేను గూడ మెచ్చుకున్న."

శ్రీనివాస్‌కు ముందు ఒక బిడ్డ పోయాడని మా ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఎట్లా పోయాడో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఒక ముసలవ్వ చెప్పింది, సప్పుడు ఆగితే లేస్తడని. సేఠ్ కాళ్ల మీద పడ్డ. జర సేపు ఆపుమని. ఆపలే. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు."

ఆమె వాడి కాలివేళ్ల సందుల్లో నూనె రాసింది. ఆ మధ్యాహ్నం గడప దగ్గర కూర్చుని ఏ దేవుడికి మొక్కుకున్నావని సైగ చేసి అడిగాను.

"మొక్కలే" అంది. "అప్పుడు అడిగిన మాటే మల్ల అడిగిన. జర సేపు ఆపుండ్రి అని."

"ఎవరిని?"

"ఎవరినని చెప్పాలె?" అంది. నిజంగానే తెలియనట్టు నన్నే అడిగింది.

ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. గల్లీలో గుజరాతీ పిల్లలతో గుజరాతీలో తగాదా పడతాడు, ఇంటికొచ్చి మాతో తెలుగులో పడతాడు. మేం ఇంకా ఆ గదిలోనే ఉన్నాం, సాంచెలు ఇంకా నడుస్తున్నాయి. ఎన్నోసార్లు మధ్యాహ్నం పూట అదే గోడకు ఆనుకుని కూర్చుని ఎదురుచూశాను. మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. అత్తమ్మ అడిగినదానికీ నేను విన్నదానికీ ముడి వేయమంటే నేను వేయను. అట్లా వేస్తే దయ్యాలనో దేవుళ్లనో నమ్మాలి, నేను నమ్మను. వేయకుండా ఉందామంటే ఆ మెసేజ్ నా ఫోన్లో ఉంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు తెలియదు, ఎంత ఆలోచించినా ఇప్పటికీ తెలియడం లేదు.

అత్తమ్మ కూడా ఏ ముడీ వేయలేదు. నూనె రాసిన ఆ రోజు, మా మాటలయ్యాక నీళ్ల చెంబు అందుకుని, వాడి కళ్లలో పడకుండా నుదుటికి అరచేయి అడ్డం పెట్టి, పోయబోతూ ఆగింది. ఎవరు ఆపారని గానీ, ఎట్లా ఆగిందని గానీ అడగలేదు. నా పెదవుల వైపు చూస్తూ ఒక్క సంగతే అడిగింది.

"కడుపు నిండెదాక ఆగిందా?"

"నిండెదాక ఆగింది అత్తమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి, నీళ్లు పోసింది.